మా మ్యాపులను మాకు పూర్తిగా తిరిగివ్వండి: వర్చువల్ టేబుల్‌టాప్ సంస్థలకు బహిరంగ లేఖ

దూరాన ఉన్నవాళ్లు ఒకే బల్ల చుట్టూ కూర్చున్నట్టు తెర మీద ఆడుకునే వర్చువల్ టేబుల్‌టాప్ వేదికలనూ, ఆన్‌లైన్ మ్యాప్ తయారీ సేవలనూ నడుపుతున్న సంస్థల బాధ్యులకు,

నమస్కారం. హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ డాలస్‌లోనూ ఉంటున్న మా మిత్రబృందం ఆదివారం ఉదయాల్లో కలిసి రోల్‌ప్లేయింగ్ ఆట ఆడుకోగలుగుతున్నదంటే అది మీరు కట్టిన వేదికల వల్లనే. అందుకు ధన్యవాదాలు. ఇక ఈ లేఖ రాయవలసి వచ్చిన కారణం చెబుతాను.

మేము మ్యాపులు గీసుకుంటున్న ఒక ఆన్‌లైన్ సేవ తన సబ్‌స్క్రిప్షన్ నిబంధనలను మార్చింది. కొత్త పరిమితికి మించి ఉన్న మా మ్యాపులన్నీ ఆ రోజు నుంచి తెరుచుకోలేదు. వాటిని మా కంప్యూటర్‌లోకి దించుకునే మార్గం చెప్పమని ఆ సంస్థ సపోర్ట్ విభాగానికి రాశాము. ఎక్స్‌పోర్ట్ బటన్ నొక్కితే చిత్రం దిగుతుందని యాంత్రికమైన జవాబు వచ్చింది. తెరుచుకోని మ్యాపులో ఆ బటన్‌ను ఎలా నొక్కాలో అందులో లేదు. చిత్రం ఒక్కటే చాలదు, గోడలూ తలుపులూ దీపాలూ గదుల వివరాలూ కావాలని మళ్లీ రాశాము. దానికి జవాబే రాలేదు. ఆ సంస్థ పేరు ఇక్కడ చెప్పడం లేదు. చెబితే ఇది ఒక సంస్థ మీద ఫిర్యాదుగా మిగిలిపోతుంది. ఇలా చేసేది ఆ సంస్థ ఒక్కటే కాదు కాబట్టి మీ అందరికీ కలిపి రాస్తున్నాము.

ఈ ఆటతో పరిచయం లేని పాఠకుల కోసం కొంత వివరణ అవసరం. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి రూపొందించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే రోల్‌ప్లేయింగ్ ఆట 1974లో అచ్చయిన నాటి నుంచి, ఆట నడిపించే గేమ్ మాస్టర్ కోటలనూ సొరంగాలనూ గళ్ల కాగితం మీద గీసుకోవడం ఆనవాయితీ. ఆటగాళ్లు ఒక్కొక్కరు ఒక పాత్రను ధరించి, బల్ల చుట్టూ కూర్చొని పాచికలు వేస్తారు; గేమ్ మాస్టర్ వాళ్లు చూసినంత మేరకే మ్యాపును బయటపెడతాడు. 2012లో రోల్20, 2020లో ఫౌండ్రీ అనే వర్చువల్ టేబుల్‌టాప్‌లు వచ్చాయి. లాక్‌డౌన్ కాలంలో బల్ల చుట్టూ కూర్చునే వీలు లేక ఎన్నో బృందాలు ఇటువైపు మళ్లాయి. అలా ఆ గళ్ల కాగితం మీ సర్వర్లలోకి చేరింది. కాగితమైతే చెద పట్టకుండా చూసుకోవడం మా చేతిలో ఉండేది.

ఇప్పటి మ్యాపులో ఏమేం ఉంటాయో మీకు తెలియనిది కాదు, కానీ మీ ఎక్స్‌పోర్ట్ సదుపాయాలను చూస్తే అది మరిచిపోయారేమో అనిపిస్తుంది. నలభై గళ్ల పొడవు, ముప్పై గళ్ల వెడల్పు ఉన్న ఒక సాధారణ కోటను, గడికి 140 పిక్సెళ్ల చొప్పున గీస్తే, 5600 × 4200 పిక్సెళ్ల చిత్రం వస్తుంది. అది అడుగు పొర. దాని మీద ప్రతి గోడకూ ఒక గీత. ఆ గీత రెండు కొసలు ఎక్కడున్నాయి, అది చూపును ఆపుతుందా, వెలుతురును ఆపుతుందా, నడకను ఆపుతుందా, అది తలుపైతే మూసి ఉందా, తాళం వేసి ఉందా అన్న వివరాలు. ప్రతి కాగడాకూ వెలుగు ఎంత దూరం పడుతుందో, ఏ రంగులో పడుతుందో చెప్పే అంకెలు. ఆటగాళ్లు ఇంతవరకూ ఏ మూలలు చూశారో గుర్తుపెట్టుకునే పొగమంచు. ఫలానా గదిలో ఏముందో, ఎవరున్నారో, వాళ్లు ఏం దాస్తున్నారో రాసుకున్న నోట్స్. చిత్రం గీయడం కన్నా దాని మీద గోడలు కూర్చడానికే ఎక్కువ ఓపిక కావాలని ఈ పని చేసిన ఎవరిని అడిగినా చెబుతారు. మీలో చాలామంది బ్యాకప్ పేరుతో ఇస్తున్నది మాత్రం ఆ అడుగు పొర ఒక్కటే, అదీ కొన్నిచోట్ల నాణ్యత తగ్గించిన జేపెగ్ రూపంలో.

మా బృందం సంగతే చూడండి. మా కథ గండికోటను నమూనాగా తీసుకున్న కోటలో నడుస్తుంది. పెన్నా లోయ అంచు, ధాన్యాగారం, మాధవరాయస్వామి ఆలయం, జామియా మసీదు, వాటి మధ్య దారులు అందులో ఉన్నాయి. ఉండవల్లి గుహలను చూసి గీసుకున్న నాలుగు అంతస్తుల మ్యాపు మరొకటి. అంతస్తుకొక పొర, ఏ మెట్లు ఎక్కితే ఏ పొరలోకి చేరతారో చెప్పే లంకెలు దానికి ప్రాణం. మీ మార్కెట్‌ప్లేస్‌లలో దొరికే బొమ్మల ప్యాక్‌లలో యూరప్ కోటలు, సత్రాలు, సెల్లార్లు కావలసినన్ని ఉన్నాయి. కోనేరు, ముఖమండపం, ధ్వజస్తంభం, వీరగల్లు కావాలంటే దొరకడం కష్టం. అందువల్ల ప్రతి స్తంభమూ మా చేతులతో గీసుకున్నదే. యూరప్ కోట మ్యాపు పోయినవారు మరొకటి కొనుక్కోగలరేమో, మేము ఎక్కడ కొనాలి?

ఈ పరిస్థితి వల్ల మామూలు ఆటగాళ్ల మీద పడుతున్న భారాన్ని మీ ముందుంచుతున్నాము.

1. భారతదేశంలో సబ్‌స్క్రిప్షన్ ఆగిపోవడమంటే వాడకందారు మానుకున్నాడని అర్థం కాదు. కార్డుల నుంచి క్రమం తప్పకుండా జరిగే చెల్లింపులకు రిజర్వు బ్యాంకు 2021 అక్టోబరు 1 నుంచి కొత్త నిబంధనలను అమలు చేసింది. ముందుగా అనుమతి నమోదు కావాలి, ప్రతి చెల్లింపుకు 24 గంటల ముందు సమాచారం రావాలి, పరిమితి దాటితే అదనపు ధ్రువీకరణ కావాలి. అప్పటికి 5,000 రూపాయలుగా ఉన్న ఆ పరిమితిని 2022 జూన్‌లో 15,000కు పెంచారు. నిబంధన మంచిదే, అడగకుండా డబ్బు లాగేసుకునే అలవాటును అది అరికట్టింది. కానీ ఈ ఏర్పాటుకు సిద్ధపడని విదేశీ సేవలకు మన కార్డుల నుంచి డబ్బు వెళ్లడం ఆగిపోయింది. చెల్లిద్దామని కూర్చున్న వ్యక్తి కార్డును మీ వ్యవస్థ తిప్పికొడుతుంది. ఆ తర్వాత అదే వ్యవస్థ ఆయనను డబ్బు ఎగ్గొట్టినవాడిగా లెక్కగట్టి మ్యాపులకు తాళం వేస్తుంది. అమెరికాలో ఉన్న బంధువు కార్డుతో కట్టించుకునేవాళ్లు మాలో ఉన్నారు. అందరికీ అలాంటి బంధువు ఉండడు.

2. సేవలు శాశ్వతం కావు, పెద్ద సంస్థలవి కూడా. గూగుల్ వారి సామాజిక వేదిక గూగుల్ ప్లస్‌లో రోల్‌ప్లేయింగ్ బృందాలు చాలా చురుకుగా ఉండేవి. దాన్ని 2019 ఆగస్టులో మూసివేస్తామని 2018 అక్టోబరులో ప్రకటించి, రెండు నెలలకే ఆ గడువును ముందుకు జరిపి, 2019 ఏప్రిల్ 2న మూసేశారు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ నాలుగో కూర్పు కోసం నడిచిన డిజిటల్ సాధనాలు, వాటికి ఆధారమైన సిల్వర్‌లైట్ అనే బ్రౌజర్ సాఫ్ట్‌వేర్‌కు కాలం చెల్లడంతో, 2020 జనవరి 1తో ఆగిపోయాయి. అదే ఆటకు దాని ప్రచురణ సంస్థ విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ 2025 ఫిబ్రవరిలో తెచ్చిన సిజిల్ అనే త్రీడీ వేదిక సంగతి ఇంకా విచిత్రం. విడుదలైన మరుసటి నెలలోనే దాన్ని తయారుచేసిన బృందంలో ఎక్కువమందిని తొలగించారు. ఈ నిర్ణయాలను మేము తప్పుపట్టడం లేదు. వ్యాపారం నడవనప్పుడు మూసుకోవలసిందే. కానీ దుకాణం మూసేవాడు కుదువపెట్టిన నగలను తిరిగిచ్చి మూయాలి కదా.

3. మూతపడకపోయినా ధర మారితే చాలు. చిత్రాలు దాచుకునే సేవ ఫొటోబకెట్ 2017 నడిమధ్యలో, తన దగ్గరున్న చిత్రాలు ఇతర వెబ్‌సైట్లలో కనిపించాలంటే ఏడాదికి దాదాపు 400 డాలర్లు కట్టాలన్నది. ఆ రోజుతో ఎన్నో చర్చా వేదికల్లోని మ్యాపుల స్థానంలో ఖాళీ పెట్టెలు మిగిలాయి. చిత్రాలు సర్వర్లలో భద్రంగానే ఉన్నాయి, చూడవలసినవారికి కనిపించలేదంతే.

4. మ్యాపును బ్రౌజర్‌లోనే దాచే పద్ధతి మరో రకం ఇబ్బంది. ఖాతా అక్కర్లేదు, సర్వర్ ఖర్చు లేదు, కొత్తవారికి ఎంతో సులువు. కాని ఫోన్ నిండిపోయిందని, కంప్యూటర్ నెమ్మదించిందని ఇంట్లో ఎవరో బ్రౌజర్ డేటా తుడిచేస్తారు. వాళ్ల దృష్టిలో అది చెత్త. హెచ్చరిక పెట్టెలో "సైట్ డేటా" అని ఉంటుందే తప్ప, అందులో ఫలానావారి కోట ఉందని రాసి ఉండదు.

5. సాఫ్ట్‌వేర్‌ను తమ కంప్యూటర్‌లోనే నడుపుకునేవారికి ఫోల్డర్ చేతిలో ఉంటుంది, నిజమే. అక్కడా తెలియక నష్టపోయేవారున్నారు. ఫౌండ్రీలో ఒక సీన్‌ను, అంటే ఒక మ్యాపును, ఎక్స్‌పోర్ట్ చేస్తే వచ్చే జేసన్ (వివరాలను పాఠంగా దాచే) ఫైలులో గోడలూ దీపాలూ ఉంటాయి. చిత్రం ఉండదు, అది ఏ ఫోల్డర్‌లో ఉందో చెప్పే దారి మాత్రమే ఉంటుంది. ఆట మొత్తం ఉండే వరల్డ్ ఫోల్డర్‌ను మొత్తంగా కాపీ చేసుకున్నా, చిత్రాలను దాని బయట వేరే ఫోల్డర్‌లో పెట్టుకున్నవారికి అవి రావు. 2023లో వచ్చిన 11వ వెర్షన్ నుంచి డేటాను లెవెల్‌డీబీ అనే డేటాబేస్ పద్ధతిలో దాస్తున్నందువల్ల, వరల్డ్ నడుస్తూ ఉండగా తీసిన కాపీ తెరుచుకోకపోయే ప్రమాదమూ ఉంది. అంటే బ్యాకప్ ఉందనుకొని నిశ్చింతగా ఉన్నవాడికి, అది పనికిరాదని అవసరం పడిన రోజునే తెలుస్తుంది. ఇటీవలి వెర్షన్లలో లోపలే బ్యాకప్ సదుపాయాన్ని చేర్చడం మెచ్చుకోదగినదే. అందులో ఏమేం చేరవో కూడా ఆ తెర మీదే చెప్పాలి.

6. మ్యాపులు గీసి అమ్ముకొని బతికే చిత్రకారులకు ఇది కాలక్షేపం కాదు, జీవనాధారం. కొన్నవారికి ఇచ్చిన చిత్రం మిగిలి, పొరలతో కూడిన అసలు ఫైలు పోతే, రేపు రాత్రిపూట దృశ్యం కావాలని, గోడ కూలినట్టు చూపాలని ఎవరైనా అడిగినప్పుడు మళ్లీ మొదటి నుంచి గీయాలి.

మా వైపు జాగ్రత్త లేదనుకోవద్దు. మూడు కాపీలు, రెండు రకాల సాధనాలు, ఒకటి ఇంటి బయట అన్న నియమాన్ని మేము పాటిస్తున్నాము. ఆఫ్‌లైన్‌లో గీసినవాటి అసలు ప్రాజెక్టు ఫైళ్లు, వాడిన బొమ్మల ప్యాక్‌లు, గదుల వివరాల పాఠం అన్నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టి, ఒక ప్రతి బయటి డ్రైవ్‌లోనూ ఒకటి క్లౌడ్‌లోనూ దాస్తున్నాము. అప్పుడప్పుడూ ఖాళీ కంప్యూటర్‌లో తెరిచి చూస్తున్నాము, ఎందుకంటే తెరిచి చూడని బ్యాకప్‌ను నమ్మడానికి లేదు. మీరు ఇవ్వనిదాన్ని మాత్రం మేము ఎన్ని కాపీలు తీసినా ప్రయోజనం లేదు. చివరికి మాలో ఒకరు ప్రతి మ్యాపునూ గోడలు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి, పక్కన పెట్టుకొని, మళ్లీ గీత గీతనూ గీస్తున్నారు. 2020ల్లో కంప్యూటర్‌తో చేయవలసిన పని ఇదా?

మీ నుంచి వచ్చే అభ్యంతరాలు కొన్ని మాకు తెలుసు. మార్కెట్‌ప్లేస్‌లో కొన్న చిత్రాల మీద హక్కు చిత్రకారులది, వాటిని బయటికి ఇవ్వలేమంటారు. న్యాయమైన మాటే; ఇవ్వవద్దు. ఆ బొమ్మ పేరు, గుర్తింపు సంఖ్య, అది ఏ గడిలో ఎంత పరిమాణంలో ఉందో ఇవ్వండి చాలు. గోడలూ నోట్స్ మా సొంతం, వాటికీ చిత్రకారుల హక్కుకూ సంబంధం లేదు. సర్వర్ల మీద భారం పడుతుందంటారు. కొన్ని వందల గోడల వివరాలు పాఠంగా రాస్తే ఒక ఫొటో అంత కూడా ఉండవు. బరువైనవి చిత్రాలే, వాటిని వారానికి ఒకసారే దించుకోవాలని పరిమితి పెట్టినా అభ్యంతరం లేదు. ఉమ్మడి ఫార్మాట్ లేదంటారు. యూనివర్సల్ వీటీటీ (వర్చువల్ టేబుల్‌టాప్) అనే ఫార్మాట్ ఇప్పటికే వాడుకలో ఉంది. చిత్రం, చూపును ఆపే గీతలు, తలుపులు, దీపాలు అన్నీ ఒకే జేసన్ ఫైలులో ఇముడుతాయి. డంజన్‌డ్రాఫ్ట్ వంటి మ్యాప్ తయారీ సాధనం ఆ ఫైలును ఏళ్లుగా ఇస్తోంది. అందులో టోకెన్లకూ (పాత్రలను సూచించే బిళ్లలకూ) నోట్స్‌కూ పొగమంచుకూ చోటు లేదన్నది నిజం, కాబట్టి అది మొదలు మాత్రమే.

మర్యాదగా మూసుకోవడం ఎలాగో కూడా ఈ రంగంలోనే ఉదాహరణ ఉంది. ఔల్‌బేర్ రోడియో అనే వర్చువల్ టేబుల్‌టాప్ 2023లో కొత్త రూపానికి మారినప్పుడు, పాతదే కావాలనుకునేవారు సొంతంగా నడుపుకునేందుకు వీలుగా పాత రూపం సోర్స్ కోడ్‌ను బయటపెట్టింది. అది చిన్న సంస్థ. పెద్దవారికి అంతకన్నా కష్టమా?

చట్టం అండతో అడగడానికి మన దగ్గర అవకాశం తక్కువే. ఐరోపా సమాఖ్యలో 2018 మే నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ అనే డేటా రక్షణ చట్టంలోని 20వ అధికరణం, తాను ఇచ్చిన వ్యక్తిగత డేటాను యంత్రం చదవగలిగే రూపంలో తిరిగి పొందే హక్కును వ్యక్తికి ఇచ్చింది. మన 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో డేటాను చూసుకునే, సరిచేసుకునే, తుడిపించుకునే, నామినీని నియమించుకునే హక్కులున్నాయి; వెంట తీసుకుపోయే హక్కు ముసాయిదాల దశలో ఉండి, చివరికి చట్టంలోకి రాలేదు. ఆట మ్యాపును వ్యక్తిగత డేటాగా లెక్కిస్తారా అన్నది ఐరోపాలోనూ వాదనకు తావున్న విషయమే. కనుక కోర్టుల వైపు చూడకుండా నేరుగా మిమ్మల్నే అడుగుతున్నాము.

మా కోరికలు ఇవి.

1. ప్రతి మ్యాపునూ, మొత్తం క్యాంపెయిన్‌నూ (సాగుతున్న కథనంతా) ఒకే జిప్ ఫైలుగా దించుకునే సదుపాయం ఇవ్వండి. అందులో ఎక్కించిన నాణ్యతలోనే చిత్రాలు, గోడలు, తలుపులు, దీపాలు, అంతస్తులు, లంకెలు, టోకెన్ల స్థానాలు, నోట్స్, పొగమంచు స్థితి ఉండాలి. తెలుగులో రాసుకున్న పేర్లూ నోట్స్ యూనికోడ్‌లో చెక్కుచెదరకుండా రావాలి. ప్రశ్నార్థకాలుగా మారిన గదుల పేర్లను మేము చూశాము.

2. ఆ ఫైలును మీ సేవలోకే తిరిగి ఎక్కిస్తే మ్యాపు మునుపటిలా నిలబడాలి. అలా నిలబడకపోతే దానికి బ్యాకప్ అని పేరు పెట్టకండి.

3. సబ్‌స్క్రిప్షన్ ముగిసినా, చెల్లింపు తిరస్కరణకు గురైనా కనీసం 180 రోజుల పాటు మ్యాపులను చూసుకోవడానికీ దించుకోవడానికీ అనుమతించండి. మార్చడం, కొత్తవి చేర్చడం, ఆట నడపడం ఆపితే మాకు అభ్యంతరం లేదు. భారతీయ కార్డులతో చెల్లింపు విఫలమైతే కారణం స్పష్టంగా చెప్పి, ఒక్కసారిగా ఏడాదికి కట్టుకునే వీలు కల్పించండి.

4. సేవను మూసేటప్పుడు ఆరు నెలల ముందు ఈమెయిల్ ద్వారా తెలియజేయండి. ప్రకటించిన గడువును ముందుకు జరపకండి.

5. ధరలు, పరిమితులు మార్చినప్పుడు కొత్త నిబంధన కొత్త మ్యాపులకే వర్తించాలి. పాతవాటికి తాళం వేయడం తగదు.

6. గేమ్ మాస్టర్ ఖాతాకు ఏమైనా జరిగితే బృందమంతా నష్టపోకుండా, ఆయన ముందుగా అనుమతించిన మరొకరు ఎక్స్‌పోర్ట్ తీసుకునేలా చూడండి. ఏళ్ల తరబడి సాగే కథలో నలుగురైదుగురి ఊహ కలిసి ఉంటుంది. దానికి తాళంచెవి ఒక్కరి పాస్‌వర్డ్ కాకూడదు.

7. యూనివర్సల్ వీటీటీ ఫైళ్లను తీసుకోవడం, ఇవ్వడం రెండూ చేయండి. లోపించిన భాగాలను చేర్చి దాన్ని పెంచే పనిని మీరంతా కలిసి చేపట్టండి.

వీటిలో కొన్నింటికి నెలలు పట్టవచ్చని మాకు తెలుసు. వెంటనే చేయగలిగినది ఒకటుంది. మీ సేవ నుంచి ఈ రోజున ఏమేం దిగుతాయో, ఏమేం దిగవో, సబ్‌స్క్రిప్షన్ ఆగితే ఏమేం మూతపడతాయో ఒక పేజీలో రాసి, ఖాతా తెరిచే చోటే లంకె పెట్టండి. దానికి ప్రోగ్రామర్ కూడా అక్కర్లేదు. ఈ లేఖ మీ దృష్టికి వచ్చిన 30 రోజుల్లోగా ఆ పేజీని ప్రచురించమని కోరుతున్నాము. ప్రచురించిన సేవల వివరాలను తెలుగు ఆటగాళ్లకు మేమే తెలియజేస్తాము. కొత్త బృందాలు తమ మొదటి మ్యాపును ఎక్కడ గీసుకోవాలో దాన్ని చూసి నిర్ణయించుకుంటాయి.

ఇట్లు,
ఆదివారం బృందం తరఫున,
ఒక గేమ్ మాస్టర్,
హైదరాబాద్